కట్ట ఎక్కడుండాలి?

వేసవి సెలవుల తరవాత కోర్టులు తెరిచిన రోజు అది. రాజమహేంద్రవరం దానవాయిపేటలో మా సీనియర్‌గారి ఆఫీసు. పొద్దున్నే డెస్క్‌టాప్ ఆన్ చేసి మెయిల్ తెరిచాను. ఏప్రిల్ చివరి ఉత్తరం పక్కనే మే నెలాఖరు ఉత్తరం ఉంది. మధ్యలో ఒక్కటీ లేదు. తణుకు కక్షిదారు పంపిన అద్దె రశీదుల స్కాన్లు ఆ ఖాళీలోనే ఉండాలి. ఆ రోజు కోర్టులో పెట్టాల్సినవి అవే. పంపించామని ఆయన అంటాడు, చూశానని సీనియర్‌గారు అంటారు. ఆయన చూసింది ల్యాప్‌టాప్‌లో. ఆ ల్యాప్‌టాప్ కోనసీమలో వాళ్ళ ఊరింటి బీరువాలో ఉండిపోయింది. మళ్ళీ పంపమందామంటే, పంపిన కొడుకు దుబాయ్‌లో డ్యూటీలో ఉన్నాడు, ఫోను తియ్యలేదు. వాయిదా తీసుకున్నాం. సెలవు పెట్టుకుని వచ్చిన మనిషి సంచీ భుజాన వేసుకుని, ఏమీ అనకుండా తిరిగి బస్సెక్కాడు.

సీనియర్‌గారి మేనకోడలు ఆ వారం ఇంట్లోనే ఉంది. హైదరాబాదులో ఒక కాలేజీకి మెయిల్ సర్వర్లు చూసే ఉద్యోగం ఆమెది. సాయంత్రం ఈ సంగతి విని ఆమె అన్న మొదటి మాట దగ్గర రేగిన వాదన భోజనాల వేళ దాటినా తెగలేదు. పొద్దుటి నష్టంలో నా వంతూ ఉంది కనుక పక్కన కూచుని శ్రద్ధగా విన్నాను. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మేనకోడలు: తప్పు యంత్రానిది కాదు మామయ్యా. ల్యాప్‌టాప్ మీరు చెప్పిందే చేసింది. దించుకున్న మెయిల్‌ని పద్నాలుగు రోజులయ్యాక సర్వర్‌లోంచి తీసెయ్యమని అందులో టిక్కు పెట్టి ఉంటుంది. మే నెలంతా ఊళ్ళో మీరు మెయిల్ చూసుకున్నారు. ప్రతి ఉత్తరాన్నీ అది తనలోకి దించుకుని, రెండు వారాలు ఆగి, అక్కడ చెరిపేసింది. ఈ డెస్క్‌టాప్ నెల రోజులు ఆగి ఉంది. ఇవాళ వెళ్ళి అడిగితే సర్వర్ దగ్గర మిగిలినవి చివరి రెండు వారాలవే.

సీనియర్‌గారు: అయితే ఆ పద్నాలుగుని అరవై చెయ్యి. సరిపోలేదూ?

మేనకోడలు: ఈ చిల్లు పూడుతుంది, ఇంకోటి పడుతుంది. మీరు వాడుతున్నది పాప్ పద్ధతి. పోస్టాఫీసు పేరు మీదే పెట్టారు దాన్ని. 1984లో మొదటి రూపం, 1988లో మూడోది. ఇప్పటికీ అందరూ వాడేది ఆ మూడోదే. ఒక మనిషికి ఒక యంత్రం అన్న లెక్క మీద కట్టిన పద్ధతి అది. ఆ యంత్రం వెళ్ళి తలుపు తడుతుంది, ఉన్నవన్నీ తీసుకుంటుంది, వచ్చేస్తుంది. ఎవరు ముందు వెళ్తే ఉత్తరం వాళ్ళది. మీకు ఇప్పుడు డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, ఫోను, మూడున్నాయి. ఒకే పోస్టుబాక్సు తాళంచెవిని ముగ్గురికిచ్చి, ఒకరికొకరు కనబడకుండా పంపుతున్నారు.

సీనియర్‌గారు: ఆ పద్ధతిని అంత తేలిగ్గా తీసెయ్యకమ్మా. నేను మెయిల్ మొదలెట్టిన రోజులు నీకు తెలియవు. ఫోను లైను మీద మోడెం. లైను పట్టుకున్నంతసేపూ బిల్లు. తలుపు తట్టు, తీసుకో, లైను పెట్టెయ్యి, తీరిగ్గా చదువుకో. బీదవాడికి అదే దారి. సర్వర్‌లో దాచుకుందామన్నా చోటేదీ? 2004 ఏప్రిల్లో జీమెయిల్ వచ్చి ఒక గిగాబైట్ ఇస్తామంటే జనం నమ్మలేదు. అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 మెగాబైట్లు. స్కాన్ చేసిన దస్తావేజు ఒక్కటి పట్టదు అందులో. మనింటికి తెచ్చుకోక ఏం చేస్తాం?

మేనకోడలు: అప్పటికి అదే సరైనది, ఒప్పుకుంటాను. ఆ కారణాలు పోయాయి, అలవాటు మిగిలింది.

సీనియర్‌గారు: కారణాలన్నీ పోలేదు. అసలుది ఉంది, విను. మన డొమైన్ మెయిల్ మొదట్లో ఒక చిన్న హోస్టింగ్ కంపెనీ దగ్గరుండేది. ఒకరోజు పొద్దున్న వాళ్ళ సైటూ లేదు, ఫోనూ లేదు. కట్టిన డబ్బు సంగతి వదిలెయ్. ఆ సర్వర్‌లో మెయిల్ పెట్టుకున్నవాళ్ళందరూ రోడ్డున పడ్డారు. నాకు ఒక్క ఉత్తరం పోలేదు. ఎందుకని? అన్నీ ఈ బల్ల కింద, ఈ పెట్టెలో ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ ఉత్తరాలు. నా కక్షిదారుల కాగితాలకి నేను పూచీ. ఎక్కడో ఉన్న సర్వర్ పూచీ పడుతుందా?

ఆ మాటకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నేనూ అప్పటిదాకా మనసులో ఆమె పక్షమే. ఆ కంపెనీ మూతపడిన రోజు మా సీనియర్‌గారి స్నేహితులిద్దరు కేసు ఉత్తరాలన్నీ పోగొట్టుకున్నారు. మా గుమస్తా ఆ కథ ఇప్పటికీ చెబుతాడు.

ఆమె ఇంకో వైపు నుంచి వచ్చింది.

మేనకోడలు: అన్నీ ఈ పెట్టెలో ఉన్నాయంటున్నారు. మీరు పంపినవి?

సీనియర్‌గారు: పంపినవీ ఉన్నాయి.

మేనకోడలు: ఇక్కణ్ణుంచి పంపినవి ఉన్నాయి. మేలో ల్యాప్‌టాప్ నుంచి మీరిచ్చిన జవాబులు? ఫోను నుంచి నిన్న రాత్రి పంపినది? పాప్‌కి వచ్చిన ఉత్తరాల గొడవే తప్ప పంపినవాటి ఊసే లేదు. ఏ యంత్రం నుంచి పంపితే నకలు దానిలోనే. చదివారా లేదా అన్న గుర్తు కూడా అంతే. ఫోల్డర్లు లేవు. చిత్తు రాసి సగంలో ఆపితే ఆ చిత్తూ అక్కడే. ఇది ఇరవై రెండేళ్ళ రికార్డు కాదు మామయ్యా, ఒక వైపు చెప్పిన వాంగ్మూలం.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మార్చిలో ఒక కక్షిదారు మా కౌంటర్ దాఖలైందా అని మెయిల్లో అడిగాడు. సీనియర్‌గారు హైకోర్టు పని మీద నేలపాడు వెళ్తూ దారిలో ల్యాప్‌టాప్ నుంచి దాఖలైందని జవాబిచ్చారు. ఆఫీసు డెస్క్‌టాప్‌లో ఆ ఉత్తరం ఇంకా చదవనట్టే నల్లటి అక్షరాల్లో ఉంది. నేను చూసి, నాకు తెలిసినంతలో, ఇంకా సిద్ధం కాలేదని రాసేశాను. ఒకే ఆఫీసు నుంచి ఒకే రోజు రెండు జవాబులు. ఆ కక్షిదారు రెండూ ప్రింటు తీసుకుని వచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పుడు నా ఒంట్లో చలి పుట్టింది. వకీలు మీద కక్షిదారు నమ్మకం ఇలాంటి కాగితాల మీదే నిలబడుతుంది.

సీనియర్‌గారు: దానికి ఉపాయం పెట్టుకున్నాను కదమ్మా. ఎక్కణ్ణుంచి పంపినా నా అడ్రసుకే ఒక నకలు పంపుకుంటున్నాను.

మేనకోడలు: మరచిపోయిన రోజున? మార్చిలో మరచిపోయారు. పద్ధతి అన్నది మనిషి గుర్తు మీద ఆధారపడకూడదు. మీ కోర్టులో కేసు కట్ట ఎక్కడుంటుంది?

సీనియర్‌గారు: ఇదెక్కడికి తీసుకెళ్తున్నావు?

మేనకోడలు: చెప్పండి. వాది వకీలు ఇంట్లో ఉంటుందా, ప్రతివాది వకీలు ఇంట్లోనా?

సీనియర్‌గారు: కోర్టులోనే ఉంటుంది. ఎవరికి కావాలన్నా అక్కడికి వెళ్ళి చూసుకుంటారు, నకలుకు దరఖాస్తు పెట్టుకుంటారు. జడ్జిగారు డాకెట్ మీద రాసింది మర్నాడు ఇద్దరికీ కనిపిస్తుంది.

మేనకోడలు: ఐమ్యాప్ అంటే అదే. కట్ట సర్వర్‌లో ఉంటుంది. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, ఫోను వెళ్ళి దాన్ని తెరిచి చూస్తాయి. ప్రతి ఫోల్డర్లోని ప్రతి ఉత్తరానికీ ఒక వరస సంఖ్య. దాని మీద గుర్తులు: చదివినది, జవాబిచ్చినది, ముఖ్యమని గుర్తుపెట్టినది, చిత్తుప్రతి, తీసెయ్యవలసినది. మీరు నేలపాడులో చదివితే ఆ గుర్తు కట్ట మీదే పడుతుంది, ఇక్కడ ఈయన తెరిచేసరికి కనిపిస్తుంది. జవాబిచ్చారని బాణం గుర్తు కూడా వస్తుంది. పంపిన ఉత్తరం వెళ్ళాక దాని నకలు సర్వర్‌లోని పంపినవాటి ఫోల్డర్లో చేరుతుంది. అక్కడ చేరితే అందరికీ చేరినట్టే.

సీనియర్‌గారు: ఇది కొత్తగా వచ్చిందా?

మేనకోడలు: మీరు ప్రాక్టీసు పెట్టకముందుది. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన మొదలెట్టారు. మెయిల్ పెద్ద యంత్రంలో ఉంది, మనిషి తన బల్ల మీది జిరాక్స్ లిస్ప్ యంత్రం ముందు కూచున్నాడు. అక్కడి ఉత్తరాన్ని ఇక్కడికి లాక్కోకుండా, అక్కడే ఉంచి ఇక్కణ్ణుంచి చదవడమెలా అన్నది ఆయన ప్రశ్న. మొదట్లో ఐమ్యాప్ అన్న పేరులోని మొదటి అక్షరానికి మధ్యంతరం అని అర్థం.

సీనియర్‌గారు: మధ్యంతరమా? మా మాటే! అసలు తీర్పు వచ్చేదాకా నిలిచే ఏర్పాటు అన్నమాట.

మేనకోడలు: ఆ తీర్పు రాలేదు. మధ్యంతరమే నిలిచిపోయింది. క్రిస్పిన్ 2012లో పోయారు. 2021లో ఆ పద్ధతికి కొత్త కూర్పు వచ్చింది, పునాది మాత్రం ఆయనదే. 2019లో జేమ్యాప్ అని మరొకటి వచ్చింది గానీ మనం వాడే ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగానికి ఇంకా ఐమ్యాపే తెలుసు.

సీనియర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. క్రాస్ ఎగ్జామినేషన్ మొదలెట్టే ముందు ఆయన చేసే పని అదే.

సీనియర్‌గారు: సరే. కట్ట సర్వర్‌లో ఉంది. మరి ఈ పెట్టెలో నాకు కనిపించేదేమిటి? కరెంటు ఉండి నెట్ లేనప్పుడు కూడా చదవగలనా?

మేనకోడలు: చదవగలరు. నకళ్ళు ఇక్కడ కూడా దాచి ఉంచమని పెట్టుకోవచ్చు. థండర్‌బర్డ్‌లో అయితే ఆ టిక్కు ముందే పెట్టి ఉంటుంది.

సీనియర్‌గారు: ఆ నకలు నాదేనా?

మేనకోడలు: అంటే?

సీనియర్‌గారు: సర్వర్‌లో ఎవరో చెరిపేశారనుకో. పొరపాటున మా జూనియర్ ఫోన్లో ఒక ఫోల్డరంతా చెరిపేశాడనుకో. నా పెట్టెలో నకలు ఉంటుందా, పోతుందా?

మేనకోడలు: పోతుంది. చెరపడం కూడా సింక్ అవుతుంది. ఐమ్యాప్‌లో అది రెండు మెట్లు: ముందు తీసెయ్యవలసినది అన్న గుర్తు, తరవాత నిజంగా తీసెయ్యడం. చాలా ప్రోగ్రాములు మధ్యలో చెత్తబుట్టలో ఉంచుతాయి. జీమెయిల్లో ఆ బుట్ట 30 రోజులు ఆగుతుంది. గడువు దాటాక మూడు యంత్రాల్లోనూ ఉండదు.

సీనియర్‌గారు: ఎవరూ చెరపలేదు. సర్వరే పాడైంది, మళ్ళీ కట్టారు. అప్పుడు?

ఆమె కాసేపు ఆగింది. తనకు తెలిసిన నిజం తన వాదానికే అడ్డం వస్తోందని ముఖం చూస్తే తెలిసింది. అయినా దాచలేదు.

మేనకోడలు: ఇందాక వరస సంఖ్యలన్నాను కదా. ఆ సంఖ్యలు చెల్లుతాయని చెప్పే ఇంకో సంఖ్య ప్రతి ఫోల్డర్‌కీ ఉంటుంది. సర్వర్‌ని మళ్ళీ కట్టినప్పుడు అది మారిందంటే, మీ దగ్గరున్న లెక్క చెల్లదని అర్థం. అప్పుడు మీ ప్రోగ్రాం తన దగ్గర దాచినదంతా పారేసి సర్వర్‌లో ఉన్నదాన్ని మొదట్నుంచీ దించుకోవాలి. నిబంధన అదే. సర్వర్‌లో అన్నీ ఉంటే అన్నీ వస్తాయి. సగమే ఉంటే సగమే.

సీనియర్‌గారు: అంటే నా పెట్టెలో ఉన్నది నకలు కాదు, నీడ. అక్కడ మనిషి పడిపోతే ఇక్కడ నీడా పడిపోతుంది.

మేనకోడలు: అవును మామయ్యా.

సీనియర్‌గారు: మరి నన్ను నా కట్ట వదిలేసి నీడ పట్టుకోమంటావా?

మేనకోడలు: అనను. రెండు పనులు వేరని చెబుతాను. మూడు యంత్రాలూ ఒకే మాట చెప్పాలి, ఇది ఒక పని. ఏది జరిగినా ఉత్తరం నిలవాలి, ఇది ఇంకో పని. మొదటిది ఐమ్యాప్ చేస్తుంది, రెండోది చెయ్యదు. మీరు పాప్‌తో రెండోది కొంత సాధించారు, దానికి మూల్యంగా మొదటిది పోయింది. రెండూ ఒకే టిక్కుతో రావు.

సీనియర్‌గారు: పెద్ద కంపెనీల దగ్గర పోవు అంటారు కదా అందరూ?

మేనకోడలు: 2011 ఫిబ్రవరి చివర్లో జీమెయిల్లో కొందరికి పొద్దున్నే పెట్టె తెరిస్తే ఖాళీ. వాడేవాళ్ళలో 0.02 శాతం మందికి అని వాళ్ళే చెప్పారు. కోట్లమందిలో అది చిన్న భిన్నమే, ఆ ఖాళీ పెట్టె ముందు కూచున్నవాడికి మాత్రం నూరు శాతం. అన్ని చోట్లా నకళ్ళున్న కంపెనీ అది. అయితే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది కనుక ఆ నకళ్ళన్నిటికీ తగిలింది. చివరికి ఎక్కణ్ణుంచి తెచ్చి ఇచ్చారో తెలుసా? మాగ్నెటిక్ టేపుల్లోంచి. నెట్‌కి తగిలించకుండా అలమరలో పడి ఉన్న టేపులు. వాటికి సింక్ లేదు కనుక బతికాయి. ఇంకో సంగతి, 2023 డిసెంబరు నుంచి రెండేళ్ళు ముట్టుకోని సొంత అకౌంట్లను గూగుల్ తీసెయ్యొచ్చు. పోయిన తండ్రిగారి మెయిల్ ఎప్పుడో చూద్దాంలే అనుకునేవాళ్ళకి ఇది చెప్పాలి.

టేపుల మాట సీనియర్‌గారికి బాగా పట్టింది. రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. వాదన అక్కడితో సమాధానానికి వస్తుందనుకున్నాను. రాలేదు, అసలు విషయానికి అప్పుడే వచ్చింది.

సీనియర్‌గారు: సాక్ష్యం సంగతి చూద్దాం. 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? ల్యాప్‌టాప్ సొంతదారు తానే బోనెక్కి, ఈ యంత్రం నాది, నేను నడిపేది అని రుజువు చేస్తే అసలు పత్రాన్నే పెట్టినట్టు. సర్టిఫికెట్ అక్కర్లేదు. యంత్రం ఏదో పెద్ద నెట్‌వర్క్‌లో భాగమై, కోర్టుకు తేలేనప్పుడు 65బీ(4) కింద సర్టిఫికెట్ తప్పదు. నా పెట్టె నేను మోసుకెళ్ళగలను. నీ సర్వర్‌ని మోసుకెళ్ళగలనా?

మేనకోడలు: చట్టం మీకు తెలిసినంత నాకు తెలియదు. ఇప్పుడూ అదేనా?

సీనియర్‌గారు: చట్టం పేరు మారింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్. సర్టిఫికెట్ రెండు భాగాలు. ఒకటి పార్టీ ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. హ్యాష్ విలువ రాయాలి.

మేనకోడలు: హ్యాష్ అన్నారు కదా, అక్కడ ఆగండి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. మీ ఇరవై రెండేళ్ళ ఉత్తరాలు ఈ పెట్టెలో ఎలా ఉన్నాయి? విడివిడిగా లేవు. ఒకే పెద్ద పీఎస్‌టీ ఫైల్లో ఉన్నాయి. ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ ఆ ఫైలు మారుతుంది. ఇవాళ తీసిన ముద్ర రేపు ఉండదు. పైగా ఆ ఒక్క ఫైలు చెడితే అన్నీ చెడతాయి. పాత తరం ఫైళ్ళకి 2 గిగాబైట్ల హద్దు ఉండేది, అది దాటితే తెరుచుకోవడమే కష్టం. ముఖ్యమైన ఉత్తరాన్ని వచ్చిన రోజే, దాని పూర్తి హెడర్లతో సహా, విడి ఫైలుగా బయటికి తీసి, హ్యాష్ రాసి డైరీలో పెట్టుకోవడం మేలు. అది పాప్ వాడినా చెయ్యాల్సిందే, ఐమ్యాప్ వాడినా చెయ్యాల్సిందే. మీరు ఇప్పుడు చెయ్యడం లేదు.

సీనియర్‌గారు: చెయ్యడం లేదు. నిజమే.

ఇంత పెద్ద వకీలు అంత సూటిగా ఒప్పుకోవడం నేను కోర్టులో చూడలేదు. ఇంట్లో మేనకోడలి ముందు చూశాను. ఆయన మీద గౌరవం పెరిగింది.

సీనియర్‌గారు: ఒకటి మిగిలింది. కక్షిదారు నాతో చెప్పుకున్నది బయటికి పోకూడదు. చట్టమే ఆ రక్షణ ఇచ్చింది. సర్వర్‌లో ఏళ్ళ తరబడి పడుంటే, నీలాంటి ఉద్యోగి తెరిచి చదవగలడా లేదా?

మేనకోడలు: చదవగలడు. మా కాలేజీలో నేను తలుచుకుంటే ఏ పెట్టెనైనా తెరవగలను. తెరవను. అయినా తెరవగల చెయ్యి ఉన్న మాట నిజం. పాప్‌లో కూడా ఉత్తరం ఆ సర్వర్ మీదుగానే మీ ఇంటికొస్తుంది. తేడా ఎంతకాలం అక్కడుంటుందన్నదే. అంత రహస్యమైనది మెయిల్లో రాయించకండి. మనిషిని పిలిపించి మాట్లాడండి.

ఈ ఒక్క చోట ఆమె జవాబు నాకు చాలలేదు. పెట్టెలో పదేళ్ళవి ఉంటే, పాస్‌వర్డు ఒక్కసారి దొరికినవాడికి పదేళ్ళవీ దొరుకుతాయి. అందుకే ముగిసిన కేసుల ఫోల్డర్లను డిస్కులోకి తీసి సర్వర్‌లో ఖాళీ చెయ్యాలన్నది నా అభిప్రాయం. సీనియర్‌గారు తరవాత అదే నిర్ణయించారు.

భోజనాలయ్యాక ముగ్గురం డెస్క్‌టాప్ ముందు కూచున్నాం. వెంటనే మార్చెయ్యలేదు. ఆమె ముందు పీఎస్‌టీ ఫైలుకి నకలు తీయించింది. ఊరి నుంచి ల్యాప్‌టాప్ తెప్పించింది. తణుకు రశీదులు అందులో భద్రంగా ఉన్నాయి. తరవాత అదే అడ్రసును ఐమ్యాప్‌గా కొత్తగా కలిపి, పాత ఫోల్డర్లను ఏడాదికొకటిగా సర్వర్‌లోకి ఎక్కించాం. నాలుగు రాత్రులు పట్టింది. కొన్ని పాత ఉత్తరాలు యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. భద్రంగా చేరాయి గానీ తెరిస్తే అక్షరాలు కావు, గీతలు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ తెలుగు చచ్చినట్టే. ఎంత చక్కగా సింక్ అయినా చదవలేని ఉత్తరం ఉత్తరం కాదని అప్పుడు బాధ కలిగింది. అలాంటివి డెస్క్‌టాప్‌లో పాత ఫాంటుతో తెరిచి ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను.

చిన్న చిక్కులు మరో రెండు వచ్చాయి. పంపినవాటి ఫోల్డర్‌కి ఒక్కో ప్రోగ్రాం ఒక్కో పేరు పెడుతుంది. ఫోను ఒకదానిలో, డెస్క్‌టాప్ వేరేదానిలో నకళ్ళు పెడుతున్నాయి. సెట్టింగుల్లోకి వెళ్ళి రెండిటికీ ఒకే ఫోల్డర్ చూపించేదాకా మార్చి నాటి పొరపాటు మళ్ళీ జరగడానికి దారి తెరిచే ఉంది. రెండోది ఇంకా ప్రమాదం. డెస్క్‌టాప్‌లో బ్యాంకు ఉత్తరాలను లోకల్ ఫోల్డర్లోకి జరపమని పాత రూల్ ఒకటి మిగిలిపోయింది. లోకల్ అంటే ఆ యంత్రం ఒక్కటే. అలా జరిగిన ఉత్తరం సర్వర్‌లోంచి పోతుంది, మిగతా యంత్రాలకు కనిపించదు. ఆ రూల్ తీసేశాం. పరిచయాల పట్టిక, వాయిదాల క్యాలెండర్ ఐమ్యాప్‌తో రావు. వాటికి వేరే ఏర్పాటు కావాలి. వాయిదాలకు మాత్రం సీనియర్‌గారు కాగితం డైరీ వదలనన్నారు, ఆమె ఒత్తిడి చెయ్యలేదు.

నా తీర్పు అడిగితే, యంత్రాలు ఒకటికి మించి ఉన్న ఏ ఆఫీసైనా పాప్ వదిలెయ్యాలి. ఇందులో నాకు సందేహం లేదు. ఆ వాదనలో గెలిచింది మేనకోడలే. అయితే ఆ రాత్రి సీనియర్‌గారు ఆ నకలు నాదేనా అని అడగకపోయి ఉంటే, మేము నీడను చూసి కట్ట అనుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళం. ఐమ్యాప్‌కి మారినవాళ్ళు చాలామంది ఇప్పుడు అలాగే ఉన్నారు. వాళ్ళందరూ ఆ ప్రశ్న ఒక్కసారి తమను తాము అడుగుకోవాలి.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం ఆ నెల ఉత్తరాలను విడి ఫైళ్ళుగా రెండు డిస్కుల్లోకి తీస్తున్నాను. తీశాక వైర్లు పీకేస్తాను. ఒక డిస్కు ఆఫీసు బీరువాలో, రెండోది సీనియర్‌గారి చెల్లెలిగారింట్లో ఉంటుంది. పోయిన శనివారం ఆ రెండో డిస్కుని వాళ్ళ ఇంటి కంప్యూటర్‌కే తగిలించి తణుకు రశీదుల ఉత్తరం తెరిచాను. రశీదులు పన్నెండూ ఉన్నాయి.